మజ్జిగ బిషప్ గారి ఊరు: ఎడిన్‌బర్గ్ నుంచి కీత్ మీదుగా

ఈ ప్రయాణం మా అమ్మ అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఈ వేసవిలో, అంటే 2014లో, మూడు నెలలు నా దగ్గర ఉందామని అమ్మ ఎడిన్‌బర్గ్ వచ్చింది. నేను ఇక్కడ ఆస్పత్రిలో నర్సుని. మేం ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే రోమన్ క్యాథలిక్కులం. డ్యూటీ రోటాలో ఆదివారం సెలవు దొరికినప్పుడు అమ్మని పూజకు తీసుకెళ్ళాను. పూజ అయ్యాక హాల్లో అందరూ టీ తాగుతుంటే అమ్మ మాత్రం గోడకున్న స్కాట్లాండ్ పటం ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, "మజ్జిగ బిషప్ గారి ఊరు ఇందులో ఎక్కడుందే?" అంది.

నాకు ఆయన పేరు తెలుసు, అంతకు మించి తెలియదు. కోస్తాలో మా చిన్న పట్టణంలో ఆయన అసలు పేరు పలకలేక అందరూ మజ్జిగ బిషప్ అనేవారు. స్కాట్లాండ్ నుంచి కుర్రవాడిగా వచ్చి, దేశానికి స్వతంత్రం వచ్చే నాటికి మా మేత్రాసనానికి, అంటే మా ప్రాంతపు గుళ్ళన్నిటికీ, పీఠాధిపతి అయ్యాడు. మా తాత శౌరయ్య ఇరవై ఏళ్ళకు పైగా ఆయనకు వంట చేశాడు. ఒకరోజు బిషప్ గారు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారని, ఆ తర్వాత తాత ఆయన పేరెత్తలేదని ఇంట్లో విన్నాను. ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయేవారు కాబట్టి నేనూ అడగలేదు.

ఇక్కడి మా గుడి విచారణ ఫాదర్ గారికి ఈ సంగతి చెబితే ఆయన ఉత్తరాన ఉన్న తన స్నేహితుడైన మరో ఫాదర్‌కు ఫోన్ చేశారు. పది రోజుల్లో కబురు వచ్చింది. బిషప్ గారి సమాధి బ్యాన్ఫ్‌షైర్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఉందట. ఆయన తమ్ముడి కూతురు మోరాగ్ ఇంకా అక్కడే ఉందట. ఫోన్ చేస్తే, మీ అమ్మగారిని తీసుకురండి, మధ్యాహ్నం మా ఇంట్లోనే సూపు తాగుదురు గాని అంది. గొంతు మర్యాదగానే ఉంది కానీ అందులో ఉత్సాహం వినిపించలేదు. పెద్దావిడ కదా, ఫోన్లో అంతేలే అనుకున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక గురువారం బయల్దేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. ఎడిన్‌బర్గ్ వేవర్లీ స్టేషన్ నుంచి అబర్డీన్‌కు రెండున్నర గంటలు. అక్కడ ఇన్వర్‌నెస్ వెళ్ళే రైలు ఎక్కి, ఇంకో గంట పైన ప్రయాణం చేస్తే కీత్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. ముందుగా కొనుక్కుంటే చవక అని ఇద్దరికీ రానుపోను టికెట్లు తీసుకున్నాను. డెబ్భై పౌండ్లు అయ్యింది. అలాంటి టికెట్టు మీద రాసి ఉన్న రైలే ఎక్కాలి, వేరేది కుదరదు. మా తిరుగు రైలు సాయంత్రం నాలుగున్నర దాటాక. ఈ సంగతి గుర్తుంచుకోండి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఫోర్త్ వంతెన దాటిన దగ్గర్నుంచి చాలా దూరం సముద్రం కనిపిస్తూ ఉంటుంది. అబర్డీన్‌లో రైలు మారడానికి మాకు అరగంట దొరికింది, పెద్దవాళ్ళకు అది సరిపోతుంది.

వంతెన మీద అమ్మ కిటికీకి ముఖం ఆనించి చూసింది. దండీ దాటాక పులిహోర డబ్బా తీసి నాకింత పెట్టి, తనూ తింటూ, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"అప్పట్లో మన గుడి మధ్యలో అడ్డకర్ర ఉండేదంట. ముందు ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు, వెనక మన పాలెం వాళ్ళు. ఈయన బిషప్ అయిన నెలలోనే తనే రంపం తీసుకుని ఆ కర్ర కోసేశారు. వారం తర్వాత ఎండలో నడుచుకుంటూ మన పాలెం వచ్చి, మొదటి గుడిసెలో మజ్జిగ అడిగి తాగి, అక్కణ్ణుంచి ఊళ్ళో పెద్దిళ్ళకి వెళ్ళారు. వాళ్ళు కూర్చోమన్నారు గానీ మంచినీళ్ళు ఇవ్వలేదు. పాలెంలో తాగొచ్చాడు గదా. మజ్జిగ బిషప్పు అని ఎగతాళిగా పేరు పెట్టింది వాళ్ళేనే. తర్వాత తర్వాత అందరూ గౌరవంగానే అనేవాళ్ళు."

స్వతంత్రం వచ్చిన రోజున అమ్మ ఏడాది పిల్ల. ఆ రోజు సంగతి తాత చెప్పగా విన్నదే. మిషను స్కూలు ముందు జెండా దొరగారే ఎగరేస్తారని అందరూ అనుకుంటే, ఆయన జపాలు నేర్పే తెలుగు ఉపదేశి చేతికి తాడు ఇచ్చి, పిల్లల వరస వెనక వెళ్ళి నిలబడ్డాడట. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "శౌరయ్యా, దేశం మీరు ఏలుకుంటున్నారు, గుడి మాత్రం మేమెందుకు ఏలాలి? ఈ కుర్చీలో మీవాడు కూర్చోవాలి" అన్నాడట. తాత నవ్వేసి ఊరుకున్నాడు. కానీ బిషప్ గారు తెలుగు పిల్లల్ని ఏరి చదివించడం, గురువుల్ని, అంటే ఫాదర్లని, చేయడం మొదలుపెట్టాడు. ఆయనతో పనిచేసే తెల్లఫాదర్లలో సగం మందికి అది నచ్చలేదు.

"అదంతా మంచే గదమ్మా. మరి తాతకి కోపం ఎందుకు?" అన్నాను.

అమ్మ డబ్బా మూత పెట్టింది. తర్వాత చెప్పింది. అప్పుడు తనకు పద్నాలుగేళ్ళు. ఈయన దిగిపోతాడని, కొత్త బిషప్ తెలుగువాడే అవుతాడని గుసగుసలు మొదలయ్యాయి. తెల్లదొర వెళ్ళిపోతే పైదేశాల నుంచి డబ్బు రాదని, ఆస్పత్రి మూతపడుతుందని ఊళ్ళో కొందరు భయపడ్డారు. రోములో పోపుగారికి టెలిగ్రాం కొట్టాలని, దారికి అడ్డంగా పడుకోవాలని మాట్లాడుకున్నారు. అలా ఉండగా ఒక పొద్దున తాత రాగిజావ కాచి బిషప్ గారి గదికి తీసుకెళ్ళాడు. తలుపు తీసే ఉంది. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. రేకు పెట్టె లేదు.

"మొదటి బస్సుకి వెళ్ళిపోయారంట. మా నాన్న జావ పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఆ గడపలోనే కూర్చున్నాడు. నేను వెళ్ళి పిలిస్తే లేవలేదు. కొత్త బిషప్ గారికి కూడా ఆయనే వండాడు, మనస్ఫూర్తిగా వండాడు. నన్ను చదివించింది ఆ కొత్తాయనే. కానీ మజ్జిగ బిషప్ పేరు వింటే మా నాన్న లేచి వెళ్ళిపోయేవాడు, పోయేదాకా అంతే. ఇన్నేళ్ళు చేతి అన్నం తిన్న మనిషి ఒక్క మాట చెప్పి వెళ్ళొద్దూ?"

అప్పటికి మాంట్రోజ్ దగ్గర పెద్ద బురద మైదానంలా ఉన్న సముద్రపు కయ్య దాటుతున్నాం. పక్షులు నడుస్తున్నాయి. అమ్మ ఇక్కడికి గుడి చూడ్డానికో సముద్రం చూడ్డానికో రావడం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

కీత్‌లో దిగగానే గాలిలో ఏదో ఉడుకుతున్న వాసన. ఆ చుట్టుపక్కల విస్కీ బట్టీలు చాలా ఉన్నాయి. అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవరో ఉలవలు ఉడకబెడుతున్నారే" అంది. బస్సులు ఉన్నాయి గానీ తక్కువ. అందుకని రెండు రోజుల ముందే ఫోన్ చేసి టాక్సీ మాట్లాడుకున్నాను, ఒక వైపుకు పాతిక పౌండ్లు. డ్రైవర్ పేరు గోర్డన్, అరవై దాటినాయన. దారి పొడుగునా ఇళ్ళ కిటికీల్లో ఎస్ అని కొన్ని, నో అని కొన్ని అట్టలు. అమ్మ అవేంటని అడిగితే, స్కాట్లాండ్ వేరే దేశం కావాలా వద్దా అని ఇంకో రెండు వారాల్లో ఓటింగని చెప్పాను.

గోర్డన్ అద్దంలోంచి చూసి, "మీ అమ్మగారిని అడగండి. మీరు ఆ పని ముందే చేశారు కదా, ఎలా ఉంది?" అన్నాడు.

అమ్మ ఆలోచించి, "మొదట్లో ఇబ్బందే. తర్వాత బాగున్నా బాగోకపోయినా మనదే అని ఉంటుంది" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన స్టీరింగ్ మీద తట్టి నవ్వాడు. "నేను ఎస్, మా ఆవిడ నో. పొద్దున టిఫిన్ దగ్గర మాట్లాడుకోవడం మానేశాం. ఈ మాట ఇంటికెళ్ళి చెప్తాను" అన్నాడు.

పల్లెకు కొంచెం ముందు రోడ్డు పక్కన ఆయన కారు ఆపాడు. పొలం అంచున పొడవుగా, ఎత్తు తక్కువగా, వెల్లవేసిన గోడలతో ఒక కట్టడం. గంట లేదు, శిఖరం లేదు. గొర్రెల కొట్టం అనుకున్నాను. అది గుడి అని గోర్డన్ చెప్పాడు. ఒకప్పుడు ఈ దేశంలో క్యాథలిక్ పూజ చేసుకోవడం నేరం కాబట్టి, ఎవరికీ అనుమానం రాకుండా కొట్టంలా కనిపించేట్టు కట్టుకున్నారట. తాళం వేసి ఉంది. అమ్మ కిటికీ అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. లోపల బల్లలు, పీఠం, చిన్న సిలువ. "తెల్లవాళ్ళు కూడా దాక్కుని పూజ చేసుకున్నారా!" అంది. తర్వాత కారులో, "అందుకే ఆయనకు అడ్డకర్ర నచ్చలేదు" అని తనలో తనే అనుకుంది.

మోరాగ్ ఇల్లు పల్లె చివర. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పొడుగు, నిటారుగా నడుస్తుంది, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైర్ అయ్యింది. అమ్మ కూడా టీచరేనని చెబితే తల ఊపింది. వంటింట్లోనే బల్ల వేసి ఉంది. కలెన్ స్కింక్ అని ఈ తీరంలో చేసే సూపు, పొగబెట్టిన చేప, పాలు, బంగాళాదుంపలు వేసి చిక్కగా కాస్తారు. అమ్మ పాలల్లో చేపేంటని భయపడింది గానీ రెండు చెంచాలు తాగాక ఉప్పు, మిరియాలు అడిగి వేసుకుని గిన్నె ఖాళీ చేసింది. మోరాగ్ మళ్ళీ వడ్డించబోతే అమ్మ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు, చాలు" అంది.

మోరాగ్ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏమన్నారు? మా ఇంట్లో అందరం ఆ మాట అంటాం. నా మనవలు కూడా అంటారు. పెదనాన్న దగ్గర నేర్చుకున్నాం. మా దేశపు పాత గేలిక్ భాష మాట అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

అది తెలుగు మాటేనని నేను చెప్పగానే ముగ్గురం నవ్వుకున్నాం. వచ్చిన దగ్గర్నుంచి అదే మొదటిసారి ఆవిడ నవ్వడం. ఆ నవ్వు మధ్యలోనే అమ్మ నా వైపు తిరిగి, "ఇప్పుడు అడుగు. మా నాన్నకి చెప్పకుండా ఎందుకొచ్చేశారో అడుగు" అంది.

ఇలాంటి చోట మధ్యలో ఉండి మాట దాటించేవాళ్ళకి తెలుస్తుంది ఆ ఇబ్బంది. ఆవిడ ఇంట్లో, ఆవిడ పెట్టిన సూపు తాగుతూ ఎలా అడుగుతాం? "మీ పెదనాన్నగారు ఇండియా నుంచి వచ్చేసిన సంగతి ఎప్పుడైనా మాట్లాడేవారా అని అమ్మ అడుగుతోంది" అన్నాను, వీలైనంత మెత్తగా.

"నేనడిగింది అది కాదు. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. నేనన్నదే చెప్పు" అంది అమ్మ.

చెప్పాను. మోరాగ్ ముఖం బిగుసుకుంది. గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది.

"మమ్మల్ని అడుగుతున్నారా?" అంది. "ముప్పై ఏళ్ళు అక్కడే ఊడిగం చేశాడు. మా నాన్నమ్మ పోతే కూడా రాలేదు. స్వతంత్రం వచ్చాక మీకు తెల్లవాళ్ళు అక్కర్లేక ఆయన్ని వెళ్ళగొట్టారు. ఒక పెట్టెతో వచ్చి ఈ స్టేషన్లో దిగాడు. నాకు ఇరవై ఏళ్ళు, నేనూ మా నాన్నా వెళ్ళి తెచ్చుకున్నాం. బిషప్‌గా ఉండి వచ్చినవాడు ఇక్కడ తన కంటే చిన్న ఫాదర్ కింద పనిచేస్తూ శ్మశానంలో గడ్డి కోసేవాడు. ఎందుకొచ్చాడని మీరు మమ్మల్ని అడుగుతున్నారా?"

అమ్మ సగం అర్థం చేసుకుని, మిగతా సగం కోసం నా చెయ్యి పట్టుకుంది. "చెప్పవే. ఏదీ వదలకుండా చెప్పు."

అంతా చెప్పాను. అమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆశ్చర్యపోయింది. "ఎవరు గెంటారు? ఎవరూ గెంటలేదు! ఉండమని దారికి అడ్డంగా పడుకుందామనుకున్నవాళ్ళు ఉన్నారు. ఆయన వెళ్ళాక వచ్చింది తెలుగాయన, ఈయనే చదివించి పైకి తెచ్చినాయన. మా నాన్న శౌరయ్య పొద్దున జావ తీసుకుని వెళ్ళేసరికి..."

"ఏం పేరు?" అంది మోరాగ్. నేను తెలుగులో విన్నది ఇంకా ఇంగ్లీషులో చెప్పనే లేదు.

"శౌరయ్య. వంట చేసేవాడు. మా తాత" అన్నాను.

"శౌరీ? శౌరీ అంటే మనిషా?"

మోరాగ్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. మాకు వీపు పెట్టి నిలబడే మాట్లాడింది. తన పెదనాన్నను ఒకసారి సూటిగా అడిగిందట, వాళ్ళు నిన్ను వెళ్ళగొట్టారా అని. ఆయన, "లేదు. కుర్చీ వెచ్చగా ఉంటే పిల్లి తనంతట తను దిగదు. నన్ను నేనే దింపుకున్నాను" అన్నాడట. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మంచివాడు కాబట్టి వాళ్ళ మీద నింద వేయడం లేదనుకున్నారు. చివరి రెండేళ్ళు జబ్బుపడి ఈ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు మాత్రం ఒకే మాట మళ్ళీ మళ్ళీ అనేవాడట. మిగతావన్నీ సరిగ్గానే చేశాను, శౌరీకి చెప్పకుండా వచ్చాను, అది తప్పు అని.

"నేను ఊరి పేరనుకున్నాను" అంది మోరాగ్. "అక్కడ ఏదో శౌరీ అనే పల్లె ఉంది, దానికి వీడ్కోలు చెప్పకుండా వచ్చాడు పాపం అనుకున్నాను. ఒకరోజు, ఎందుకు చెప్పలేదు అని అడిగాను కూడా. చెబితే ఉండిపోయేవాణ్ణి అన్నాడు. శౌరీ ఒక్కసారి ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఉండిపోతే వెనక వచ్చేవాడికి చోటు ఉండదు అన్నాడు. పల్లె ఎలా అడుగుతుందని నాకు తట్టనే లేదు."

ఇది నేను మాట మాటా తెలుగులో చెప్పాను. ఈసారి మెత్తబరచాల్సిన పని లేదు. అమ్మ విని, బల్ల మీద పడ్డ రొట్టెపొడిని వేలితో ఒకచోటికి జరిపింది. తర్వాత, "సమాధి దూరమా?" అంది.

నడవగలిగే దూరమే, పావుగంట, కాస్త ఎత్తు. వాన కాసేపు పడి తగ్గింది. మోరాగ్ అమ్మకు తన రబ్బరు బూట్లు ఇచ్చింది. రెండు సైజులు పెద్దవి కావడంతో నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. శ్మశానం కొండ వాలు మీద ఉంది. అక్కణ్ణుంచి కోసిన పొలాలు, వాటి వెనక మోరే తీరం, నీలంగా సముద్రం. గాలి గట్టిగా కొడుతుంది, సెప్టెంబరులో కూడా మంచి కోటు కావాలి. రాయి చిన్నది. దాని మీద ఆయన పేరు, గురువు అన్న మాట మాత్రమే ఉన్నాయి. బిషప్ అని లేదు. ఆయనే వద్దన్నాడట.

అమ్మ కొంగు తల మీదకు లాక్కుని రాయి ముందు నిలబడింది. ప్రార్థన చేస్తుందనుకున్నాను. కానీ ఎదురుగా మనిషి ఉన్నట్టు మామూలు గొంతుతో మాట్లాడింది.

"బిషప్ గారూ, నేను శౌరయ్య కూతుర్ని. జావ దగ్గర కూర్చున్న మా నాన్నని లేపడానికి వచ్చిన పిల్లని నేనే. మీరు ఎందుకు వెళ్ళారో ఇవాళ తెలిసింది. మంచిపనే చేశారు. మీరు వెళ్ళబట్టే మా తెలుగాయన ఆ కుర్చీలో కూర్చున్నారు, నేను చదువుకున్నాను, ఇదిగో నా కూతురు ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. కానీ మా నాన్న సంగతి మీకు తెలియలేదు. చెబితే ఆయన మిమ్మల్ని ఆపేవాడు కాదు. మీ పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోసేవాడు."

గాలికి కొంగు జారిపోతే మళ్ళీ సర్దుకుంది. "ఆయన తరఫున క్షమించడానికి నాకు అధికారం లేదు. అది మీరూ ఆయనా పైన చూసుకోండి. నా వరకు నాకు మనసులో ఏం లేదు."

మోరాగ్ నా వైపు చూసింది. ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను. పెట్టె మోసేవాడన్న దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఆయనకు తెలిసి ఉండాల్సింది" అంది. "ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, తెలిసి ఉండాల్సింది." తర్వాత అమ్మ దగ్గరకు వెళ్ళి, "నేను ఇన్నేళ్ళూ మీ దేశాన్ని తిట్టుకున్నాను" అంది.

"నేను మీ పెదనాన్నని తిట్టుకున్నాను" అంది అమ్మ. ఇంగ్లీషులోనే అంది.

ఇద్దరూ కలిసి పరలోక జపం చెప్పారు, ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో. ఆవిడది ముందు అయిపోతే అమ్మది పూర్తయ్యేదాకా ఆగింది.

మా రైలు సంగతి నాకు గుర్తుంది. మూడున్నరకు గోర్డన్ వచ్చి వాకిట్లో హారన్ కొట్టాడు కూడా. అప్పటికి అమ్మా మోరాగ్ వంటింట్లో కూర్చుని ఉన్నారు. బిషప్ గారు మా ఊళ్ళో ఏం తినేవాడు, ఏ పాట ఇష్టపడేవాడు, ఎవరిని కోప్పడేవాడు అని ఆవిడ అడుగుతుంటే, ఇక్కడ ఎలా పోయాడు, చివర్లో నొప్పి ఉండేదా, పక్కన ఎవరున్నారు అని అమ్మ అడుగుతోంది. నా అవసరం కూడా తగ్గిపోయింది. ఇద్దరు టీచర్లు నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి మాట్లాడుకుంటున్నారు. "వెళ్దామా అమ్మా?" అంటే అమ్మ నా వైపు చూడకుండానే, "రైళ్ళు రేపు ఉండవా?" అంది. గోర్డన్‌ను పంపేశాను. వచ్చినందుకు పది పౌండ్లు ఇవ్వబోతే ఆయన ఐదే తీసుకున్నాడు. నేను ఆస్పత్రికి ఫోన్ చేసి మర్నాటి మధ్యాహ్నం షిఫ్టు మార్పించుకున్నాను. ఆ రాత్రి మోరాగ్ ఇంట్లోనే ఉన్నాం. మర్నాడు పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ అమ్మ చేతిలో ఒక చిన్న ఫొటో పెట్టింది. శ్మశానంలో గడ్డి కత్తి పట్టుకుని, చొక్కా చేతులు మడిచి నవ్వుతున్న ముసలాయన. అమ్మ దాన్ని ఎడిన్‌బర్గ్ దాకా ఒళ్ళోనే పెట్టుకుంది.

మా ఊరి గుడిలో ఆయన గురించి ఒక పలక ఉంది, దాని మీద ఆయన కట్టించిన బడి, ఆస్పత్రి పేర్లున్నాయి. బ్యాన్ఫ్‌షైర్‌లో ఒక చిన్న రాయి ఉంది. రెండూ చదివినా ఆయన ఎవరో తెలియదు. ఒక కొత్త దేశంలో, అందరూ ఉండమంటున్నప్పుడు, తన కుర్చీని తను ఖాళీ చేసినవాడు. ఆ పని చేయడానికి ధైర్యం చాలింది గానీ, వంటింట్లో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడానికి చాలలేదు. ఆయన పెద్దపనిని ఈ తప్పు చిన్నబుచ్చుతుందని నేను అనుకోవడం లేదు. అలాగని ఆ పెద్దపని ఈ తప్పును తుడిచేస్తుందనీ అనుకోను. అమ్మ రెండింటినీ ఆయన ముందే, ఆయన భాష కూడా అయిన తెలుగులో చెప్పేసి వచ్చింది. ఇంటికి వచ్చిన రాత్రి ఊళ్ళో ఉన్న మామయ్యకు ఫోన్ చేసి, నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి, తీరిగ్గా కూర్చో అంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పొలం అంచున ఉన్న పాత గుడికి మామూలుగా తాళం ఉంటుంది, లోపల చూడాలంటే ముందే స్థానిక ఫాదర్‌కు ఫోన్ చేయాలి, అది ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది టికెట్ గురించి. చవకని నాలాగా ఒకే రైలుకు కట్టేసే టికెట్ కొనకండి. మాకు మర్నాడు కొత్త టికెట్లకు ఎనభై పౌండ్లు అయ్యింది. పాతికో ముప్పైయో ఎక్కువైనా ఎప్పుడైనా తిరిగి రాగలిగే ఓపెన్ రిటర్న్ తీసుకోండి. ముఖ్యంగా అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్తుంటే, వాళ్ళ పని ఎప్పుడు అయిపోతుందో మనం ముందే చెప్పలేం.